పేనుమీద మోపిన నేరం

తిరుపతి వెళ్ళొచ్చిన ఆడమనిషి నున్నటి గుండుకి గంధం పూసుకుని రైలు దిగితే ఎవరూ వింతగా చూడరు. "మొక్కు తీరిందా వదినగారూ? అదృష్టవంతులు" అంటారు. ప్రసాదం కోసం చెయ్యి చాస్తారు. అదే ఆవిడకి మొక్కూ లేకుండా, తిరుపతీ వెళ్ళకుండా, పాపిట పక్కన రూపాయి బిళ్ళంత మేర జుట్టు ఊడిందనుకోండి. ఇక చూడాలి! మాట్లాడేవాళ్ళ చూపు మొహం మీద నిలవదు. మాటిమాటికీ పైకి పాకుతూంటుంది. "అయ్యో, ఏమిటే అది? ఏ సబ్బు వాడావు? ఏ నీళ్ళు పోసుకున్నావు? అంత దిగులేమొచ్చింది నీకు?" అని ఒకటే ప్రశ్నలు.

ఆలోచిస్తే విచిత్రంగా లేదూ? మొదటిసారి ఆవిడ తలమీద ఒక్క వెంట్రుకైనా లేదు. రెండోసారి నూటికి తొంభై అయిదు పాళ్ళు జుట్టు భద్రంగానే ఉంది. లెక్కప్రకారం గుండుని చూసే కంగారుపడాలి. కాని పడం. ఎందుకంటే గుండుకి ఒక జవాబుంది. ఈ రూపాయి బిళ్ళకి జవాబు లేదు. జుట్టు లేకపోతే సర్దుకుంటాం గాని, జవాబు లేకపోతే మాత్రం సర్దుకోలేం.

ఈ జబ్బుకి మనవాళ్ళు పెట్టిన పేరు చూడండి, పేనుకొరుకుడు! చర్మవ్యాధుల డాక్టర్లు దీన్ని అలోపీషియా ఏరియేటా అంటారు. ఒంట్లోకి వచ్చిన రోగాలతో పోరాడవలసిన కణాలు దారితప్పి, సొంత జుట్టు కుదుళ్ళనే శత్రువులనుకుని ముట్టడిస్తాయి. ఇందులో పేనుకి ఎలాంటి ప్రమేయమూ లేదు. పాపం, రక్తం తాగి బతికే ప్రాణి, వెంట్రుక కొరికి అదేం చేసుకుంటుంది? అయినా తరతరాలుగా ఆ నేరం దాని నెత్తిన ఉంది. ఎవరో ఒకరు దోషిగా దొరక్కపోతే మనకి నిద్రపట్టదు. మనుషులెవరూ దొరక్కపోతే పేనైనా సరే!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా అన్నయ్య కూతురికి ఈ మధ్య సరిగ్గా ఇదే వచ్చింది. ముప్పై రెండేళ్ళ పిల్ల. బేంకులో ఉద్యోగం. మోకాళ్ళ దాకా కాకపోయినా నడుం దాటిన జడ. దానికి అంతకు మూడేళ్ళ ముందే ఇంకో జబ్బు బయటపడింది. దాని పేరు సీలియాక్.

మన వైపు ఈ పేరు విన్నవాళ్ళు తక్కువ. ఉత్తరాదిన, గోధుమరొట్టె ముఖ్యాహారంగా ఉన్న చోట్ల, ఇది ఎక్కువ కనిపిస్తుంది. అన్నం తినే దక్షిణాదిన చాలా అరుదు. మన చిన్నపేగు లోపలి గోడకి మొఖమల్ గుడ్డకున్నట్టు సన్నటి నూగు ఉంటుంది. తిన్నదాంట్లో సారాన్ని పీల్చుకునేది ఆ నూగే. గోధుమలోనూ, బార్లీలోనూ గ్లూటెన్ అనే జిగట పదార్థం ఉంటుంది. ఈ జబ్బున్న వాళ్ళు అది తింటే, ఒంటి రక్షణ వ్యవస్థ రెచ్చిపోయి ఆ నూగుని నాశనం చేసుకుంటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రక్తం తగ్గిపోతుంది, నీరసం, విరోచనాలు. దీనికి మందు బిళ్ళ లేదు. జీవితాంతం గోధుమ ముట్టకుండా పథ్యం చెయ్యడమొక్కటే వైద్యం. ఆ పథ్యంతో పేగు చాలామందికి మళ్ళీ బాగుపడుతుంది.

మా పిల్లకి రోగం పేరు తెలిసిన రోజునే ఇంట్లో విచారణ మొదలైంది. మా వదిన, "మా ఇంట్లో రాత్రిపూట కూడా అన్నమే. ఆ పుల్కాలు అలవాటు చేసింది అత్తారే" అంది. వియ్యపురాలు, "మా వంశంలో ఇలాంటివెవరికీ లేవు. పుట్టింటి నుంచే తెచ్చుకుని ఉంటుంది" అంది. డాక్టర్ల మాట ప్రకారం ఇద్దరి మాటల్లోనూ ఇసుమంత నిజం ఉంది. గోధుమ తినకపోతే ఈ జబ్బు బయటపడదు. ఇది వచ్చేవాళ్ళలో దాదాపు అందరికీ కొన్ని ప్రత్యేకమైన జన్యువులుంటాయి, అవి తల్లిదండ్రుల నుంచి వచ్చేవే. అయితే అసలు తిరకాసు ఇక్కడుంది. పడమటి దేశాల్లో ఆ జన్యువులు నూటికి ముప్పై మందికి పైగానే ఉన్నాయి. వాళ్ళంతా రోజూ రొట్టె తినేవాళ్ళే. జబ్బు మాత్రం నూటికి ఒక్కరికి వస్తుంది. ఆ ఒక్కరూ ఎందుకు ఆ ఒక్కరయ్యారో ఇదీ అని తేల్చి చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. తీర్పు చెప్పవలసిన చోట శాస్త్రమే ఆగిపోతే, వియ్యపురాళ్ళు మాత్రం తీర్పులు చెప్పేశారు!

అలాగని కారణాలు వెతకడమే తప్పని నేననను. వెతికినవాళ్ళున్నారు కనకే ఈ పిల్ల ఇవాళ నిలబడి ఉంది. ఆ వెతుకులాట కథ కూడా తమాషాగానే ఉంటుంది. 1888లో లండనులో శామ్యూల్ గీ అనే డాక్టరు ఈ జబ్బుని వివరంగా వర్ణించి, ఇది నయమయ్యేదుంటే తిండి వల్లే కావాలని రాశాడు. ఏ తిండి అన్నది ఆయనకి చిక్కలేదు. ఒక పిల్లవాడికి రోజూ సముద్రపు గుల్లలు తినిపిస్తే బ్రహ్మాండంగా కోలుకున్నాడట. గుల్లలు దొరికే రోజులు అయిపోగానే మళ్ళీ మామూలే. 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే ఆయన రొట్టె మాన్పించి అరటిపళ్ళు పెట్టాడు. పిల్లలు తేరుకున్నారు. అదంతా అరటిపండు మహత్యమే అనుకున్నారు జనం. మేలు చేసింది పెట్టిన అరటిపండు కాదు, పెట్టని రొట్టె అని తెలియడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. హాలెండులో విలెమ్ డికీ అనే పిల్లల డాక్టరుకి గోధుమ మీద ముందునుంచే అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో, యుద్ధం వల్ల రొట్టె దొరకని కరువులో, ఈ రోగపు పిల్లలు తేరుకోవడం, రొట్టె రాగానే తిరగబెట్టడం ఆ అనుమానాన్ని బలపరిచాయి. 1950లో ఆయన దాన్ని సిద్ధాంత వ్యాసంగా రాశాడు.

చూశారా, డాక్టర్లు కూడా ఒక్కోసారి తప్పుదారిన వెతికారు. పొగడ్త అరటిపండుకి కట్టబెట్టారు. అయితే వాళ్ళు వెతికింది "ఏం జరుగుతోంది?" అని. మన వసారాల్లో, వంటిళ్ళలో జరిగే విచారణ అది కాదు. "ఎవరు చేశారు?" అని మనది. పైకి రెండూ "ఎందుకు" అనే ప్రశ్నలే. వానెందుకు పడలేదంటే గాలి మళ్ళిందని సరిపెట్టుకుంటాం. జుట్టెందుకు ఊడిందంటే మాత్రం గాలీ వానా పనికిరావు, మనిషి కావాలి.

సరే, మా పిల్ల దగ్గరికొద్దాం. పథ్యం అంటే అది సంసార పక్షపు పథ్యం కాదు, తపస్సే. పెనం వేరు, అట్లకాడ వేరు, పిండి జల్లెడ వేరు. పెళ్ళిళ్ళకి డబ్బాలో అన్నం పట్టుకెళ్ళేది. మూడేళ్ళకి రక్తపరీక్షలన్నీ బాగున్నాయన్నారు. ఐరన్ సరిపోయింది, థైరాయిడ్ సరిగా ఉంది. అమ్మయ్య అనుకునే సమయానికి పాపిట పక్కన ఆ రూపాయి బిళ్ళ కనిపించింది. నెల తిరిగేసరికి వెనక ఇంకొకటి.

"నువ్వెక్కడో ఏదో తిని ఉంటావు" అన్నారు అందరూ. అన్నవాళ్ళ సంగతలా ఉంచండి, తనూ అదే అనుకుంది. రెండువందల పేజీల నోటుబుక్కు కొని, నోట్లో వేసుకున్న ప్రతిదీ రాయడం మొదలుపెట్టింది. పక్కనే పొద్దున దిండు మీద ఎన్ని వెంట్రుకలున్నాయో లెక్క. ఆ లెక్కలో ఒక రోజు నిజంగానే దొంగ పట్టుబడింది. ఎవరనుకున్నారు? ఇంగువ! అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేం కనక పిండీ జిగురూ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమదే. పులిహోర పోపులో, చారులో, ఆవకాయలో చిటికెడు చిటికెడు వేసుకుంటున్నది ఇదా అని దాని కళ్ళు మెరిశాయి. ఇంగువ మానేసింది. నాలుగు నెలలు ఎదురుచూసింది. బిళ్ళలు రెండూ మూడయ్యాయి.

జుట్టు విషయంలో ఇలాంటి పత్తేదారు పని ఎంత కష్టమో తెలుసా? మన తలమీద ఇంచుమించు లక్ష వెంట్రుకలుంటాయి. ఏ జబ్బూ లేనివాళ్ళకే రోజుకి యాభై నుంచి వంద దాకా రాలతాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, తర్వాత మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. పెద్ద జ్వరమొచ్చినా, కాన్పయినా జుట్టు ఊడేది వెంటనే కాదు, రెండు మూడు నెలలకి. అంటే దిండు మీద వెంట్రుక కనిపించేసరికి, దానికి కారణమైనది ఎప్పుడో ఇల్లు దాటి వెళ్ళిపోయి ఉంటుంది. పేనుకొరుకుడయితే ఇంకా చిత్రం, చాలాసార్లు ఏ కారణమూ కనబడదు. సీలియాక్ ఉన్నవాళ్ళలో ఇది కూడా రావడం డాక్టర్లు గమనించారు. 1995లో ఇటలీ డాక్టర్లు ఈ రెండిటి పొత్తు గురించి రాశారు. గోధుమ మానేశాక జుట్టు పూర్తిగా తిరిగొచ్చిన ఒక రోగి సంగతీ రాశారు. కాని అందరికీ అలా జరగదు. పథ్యం శుద్ధంగా చేసినా కొందరికి ఊడుతుంది. మా పిల్ల ఆ కొందరిలో ఒకతె. చూసిన డాక్టరు ఇంజక్షన్లు ఇస్తూ, "ఇప్పుడే ఎందుకొచ్చిందో చెప్పలేమమ్మా, మీ పథ్యంలో మాత్రం లోపం లేదు" అంది.

ఆ మాట వింటే ఎవరికైనా బరువు దిగినట్టుంటుంది కదా? కాని అది నా దగ్గరికొచ్చి బావురుమంది. "తప్పు నాదైతే బాగుండేది అత్తయ్యా. దిద్దుకునేదాన్ని. ఎవరి తప్పూ కాదంటే ఇంకేం చెయ్యను?" అంది.

నేను చాలా రోజులు ఆ మాట దగ్గరే ఆగిపోయాను. మనం లోకాన్ని తిట్టుకుంటాం, ఊరికే ఆడవాళ్ళమీద నిందలేస్తారని. నిజమే, వేస్తారు. కాని ఆ నిందని మనం కూడా ఎంత ఇష్టంగా నెత్తిన పెట్టుకుంటామో గమనించారా? నింద మోస్తే ఒక లాభముంది. నేను చేసింది కనక నేనే మార్చగలను అనే ధైర్యం. ఒంటిమీద మన అధికారం ఇంకా ఉందనే నమ్మకం. ఆ నమ్మకం కోసం చెయ్యని తప్పు కూడా ఒప్పేసుకుంటాం. పిల్లాడికి జ్వరమొస్తే "నిన్న నేనే తల తడి సరిగ్గా తుడవలేదు" అంటుంది తల్లి. జ్వరం తగ్గదు, తల్లికి మాత్రం చెయ్యడానికి ఒక పని దొరుకుతుంది.

కొన్నాళ్ళకైతే ఇది బలమే. ఆ నోటుబుక్కు వల్ల ఇంగువ సంగతి తెలిసింది, పేగుకి మేలు జరిగింది. కాదనను. కాని వెతకవలసినవన్నీ వెతికాక కూడా విచారణ ఆపకపోతే, ముద్దాయీ మనమే, పోలీసూ మనమే, జడ్జీ మనమే అయి, ఆ కోర్టుకి సెలవుండదు. ఆ పిల్ల చివరికి సినిమాకి రమ్మంటే కూడా, థియేటర్లో గోధుమపిండి గాలిలో ఉంటుందేమోనని భయపడే దాకా వచ్చింది. పథ్యం ఒంటికి చెయ్యాలి గాని, బతుకంతటికీ చెయ్యకూడదు కదా!

ఇక మా వదిన. ఆవిడ ఒక రోజు కూతురి తలకి నూనె రాస్తూ, "ఏ జన్మలో ఎవరి జడ కోశావో తల్లీ" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకునే అంది, తిట్టలేదు. కర్మ అనే మాట మన ఇళ్ళలో ఇలాగే వస్తుంది. నేను ఆ మాటకి విరోధిని కాను. భర్త పోయిన మా అమ్మమ్మ "నా ప్రారబ్ధం" అనుకుని, కొంగు బిగించి ఆరుగురు పిల్లల్ని పెంచింది. తన దుఃఖానికి తను చెప్పుకున్నప్పుడు అది ఓదార్పు. అదే మాట పక్కింటావిడ అమ్మమ్మతో అంటే? అక్షరం తేడా లేదు, అర్థం తలకిందులు. ఓదార్పు పోయి నేరారోపణ అవుతుంది. పెద్దలు ఆ మాట మనకిచ్చింది మన బరువు మోసుకోవడానికే, ఎదుటివాళ్ళని తూచడానికి కాదు.

అన్నిటికన్నా పెద్ద నేరారోపణ ఇంకోటుంది. జుట్టు ఊడడానికి నాలుగు నెలల ముందు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. గోదావరి వైపు వాళ్ళు, అన్నవరం ప్రసాదమంటే ప్రాణం. అన్నవరంలోలాగే గోధుమనూకతో, నేతితో, బెల్లంతో ప్రసాదం చేశారు. మా పిల్ల దోసిట్లో పెట్టించుకుని, కళ్ళకద్దుకుని, పక్కనున్న పిల్లవాడికి పెట్టేసింది. ఆ కథ మీ అందరికీ తెలిసిందే. కళావతి మొగుడొచ్చాడన్న సంతోషంలో ప్రసాదం తినకుండా పరిగెత్తితే, అతనున్న పడవ మునిగిపోతుంది. "ప్రసాదం కాదంది, అందుకే" అని మొదట ఎవరన్నారో గాని, ఆ మాట ఇల్లంతా తిరిగి వియ్యపురాలి నోటికి చేరింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు సుమండీ. కోడలికి విడిగా పెనం కొన్నదీ ఆవిడే, దిండు మీద వెంట్రుకలు కోడలి కంట పడకుండా పొద్దున్నే ఏరేసిందీ ఆవిడే. భయపడిన మనిషి. భయపడిన మనిషికి కారణం దొరికితే అదో పెద్దదిక్కు. ఆ కారణం ఎవరి గుండెలో గుచ్చుకుంటుందో అప్పుడు కనబడదు.

మరుసటి ఏడు వ్రతానికి ఆవిడే పురోహితుడిగారిని అడిగింది, గోధుమ లేకుండా ప్రసాదం చేస్తే దోషమా అని. ఆయన నవ్వి, వ్రతకథలోనే ఉంది కదమ్మా అన్నారు. అరటిపళ్ళు, నెయ్యి, పాలు, గోధుమపిండి అని చెప్పి, గోధుమపిండి లేనిచోట బియ్యప్పిండి అయినా సరే అని ఆ శ్లోకంలోనే ఉంది. చక్కెర లేకపోతే బెల్లమైనా చాలు. మనం ఏటేటా వింటూనే ఉన్నాం, పడవ మునిగిన చోట ఒళ్ళు దగ్గర పెట్టుకుని వింటాం, బియ్యప్పిండి దగ్గర మాత్రం పరధ్యానం! శిక్ష గుర్తున్నంతగా వెసులుబాటు గుర్తుండదు మనకి.

తిరుపతి కథే ఇంకొకటి గుర్తొస్తోంది. పుట్టలో ఉన్న స్వామి తలకి గొల్లవాడి గొడ్డలి దెబ్బ తగిలి, అక్కడ కాస్త మేర జుట్టు పోయిందట. అది చూసిన నీలాదేవి అనే గంధర్వకన్య తన జుట్టు కోసి ఆ చోట అతికించిందట. మనమిచ్చే తలనీలాలు ఆవిడకేనని చెబుతారు. దేవుడికే తప్పలేదన్నమాట ఆ రూపాయి బిళ్ళ! అయితే నాకా కథలో నచ్చినది వేరు. నీలాదేవి "స్వామీ, ఇదెలా ఊడింది? మీరేం చేశారు?" అని విచారణ చేసినట్టు ఎక్కడా చెప్పరు. ఖాళీ కనిపించింది, తన చేతిలో ఉన్నది ఇచ్చింది, అంతే.

అందరం జుట్టు కోసి ఇవ్వక్కర్లేదు. అడిగే ప్రశ్న మార్చుకుంటే చాలు. కారణం అడగవలసినవాళ్ళు డాక్టర్లు, వాళ్ళని అడగనిద్దాం, వాళ్ళు చెప్పిన పరీక్షలు చేయిద్దాం. "తెలియదు" అని ఒక డాక్టరు నిజాయితీగా అంటే, ఆ ఖాళీని గబగబా పూడ్చెయ్యడానికి మందారాకులూ, పూర్వజన్మలూ, పుట్టింటి వంశాలూ పోగుచెయ్యకుండా ఉందాం. ఆ ఖాళీలో ఆ మనిషి పక్కన కాసేపు కూర్చోవడం కష్టమే. కాని అక్కడ ఆవిడ ఒంటరిగా ఉంది.

మీరు అడగొచ్చు, మరి ఆ పిల్ల జుట్టు వచ్చిందా అని. పాపిట పక్క తెల్లటి నూగు వచ్చి, అది నల్లబడుతోంది. చెవి వెనక మాత్రం కొత్తగా ఇంకో బిళ్ళ. ఎందుకు అది వచ్చింది, ఎందుకు ఇది పోయింది, ఎవరూ చెప్పలేరు. నోటుబుక్కు అటకెక్కింది.

ఆ ఏడు వ్రతానికి నేనూ వెళ్ళాను. బియ్యపునూకతో చేశారు ప్రసాదం. విడి గిన్నెలో, విడి గరిటెతో. వియ్యపురాలు మొదటి ముద్ద కోడలి చేతిలో పెట్టింది. తలకి రుమాలు లేదు, చెవి వెనక బిళ్ళ స్పష్టంగా కనబడుతూనే ఉంది. ఆవిడ అటు చూసింది, మళ్ళీ కోడలి మొహంకేసి చూసింది.

"తీపి సరిపోయిందా అమ్మా?" అని అడిగింది.